తీగ తెగిన చోటు

తాడేపల్లిగూడెంలో ఆటోవాణ్ణి మాధవరం రమ్మంటే "మిలటరీ మాధవరమేనా అండీ?" అంటాడు. పశ్చిమ గోదావరి జిల్లాలో ఆ ఊరి పేరు ఒంటరిగా పలకడం తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ పల్లె నుంచి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి 1,110 మంది వెళ్లారని చెబుతారు. ఇప్పటికీ ఫౌజులో పనిచేసినవాడో, చేస్తున్నవాడో లేని ఇల్లు వెతికినా కనబడదంటారు. పదిహేడో శతాబ్దంలో పూసపాటి మాధవవర్మ దగ్గర్లోని అరుగొలనులో కోట కట్టించి, ఉత్తరాంధ్ర నుంచీ ఒడిశా వైపు నుంచీ సైనికుల్ని తెచ్చి ఇక్కడ ఉంచాడని, కోట పోయినా కత్తి పట్టిన కుటుంబాలు ఉండిపోయాయని ఊరి పెద్దలు చెప్పే కథ. కథ ఎలా ఉన్నా వీధిలో నడుస్తుంటే ఒకటి తెలిసిపోతుంది. ఇక్కడ మనిషిని ఇంటిపేరుతో అడగక్కర్లేదు. సుబేదారుగారిల్లు ఎక్కడంటే "ఏ సుబేదారుగారు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది.

నా వెంట మా మావయ్య ఉన్నాడు. అసలు ఆయన వెంటే నేను వెళ్లానంటే సరిగ్గా ఉంటుంది. ఆయన ఈ ఊరివాడు కాడు, పక్క మండలం. పద్దెనిమిదేళ్ల వయసులో, 1969లో సైన్యంలోని సిగ్నల్స్ విభాగంలో చేరి, హవల్దారుగా దిగి, ఆ తర్వాత ఒక బ్యాంకులో గన్‌మ్యాన్‌గా చేసి రెండోసారి రిటైరయ్యాడు. మాధవరంలో తనతో పాటు జబల్‌పూర్‌లో శిక్షణ పొందిన ఒకాయన్ని చూడాలని ఎన్నాళ్లుగానో అంటున్నాడు. అక్కణ్ణుంచి విశాఖ వెళ్లి సబ్‌మెరైన్ చూద్దామని నేను జతచేశాను. 1971 యుద్ధంలో పనిచేసినవాళ్లు ఇప్పుడు డెబ్భై దాటారు, ఎనభై దాటారు. వాళ్ల మాటలు కాగితం మీద పెట్టే పని వాయిదా వేయదగ్గది కాదని నా నమ్మకం. మావయ్య యుద్ధం గురించి ఇంట్లో నోరు విప్పడం మాలో ఎవరం వినలేదు. యాభై ఏళ్లు కాపురం చేసిన అత్తయ్య కూడా వినలేదు.

రావిచెట్టు కింద అరుగు మీద ఆరేడుగురు కూర్చుని ఉన్నారు. మావయ్య స్నేహితుడు లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి జుట్టు ఒకరు చూసుకుని నవ్వారు. తర్వాత గంటసేపు నడిచింది యుద్ధం మాట కాదు. నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లోనే అయిపోతోందా, వేలిముద్ర పడకపోతే ముఖం చూపిస్తే చాలా, క్యాంటీన్ కార్డు మార్చుకున్నావా, 2014 జులై నుంచి లెక్కకట్టిన ఓఆర్‌ఓపీలో హవల్దారుకి ఎంత తేడా వచ్చింది, మోకాళ్లకి మాజీ సైనికుల ఆస్పత్రి ఈసీహెచ్‌ఎస్‌లో ఏ మందు రాశారు... ఇలా. బయటివాళ్లకి ఇది విసుగు. నాకు మాత్రం అదే తలుపు అనిపించింది. పింఛను కాగితాల్లోంచే మెల్లగా యూనిట్ నంబర్లు బయటికొచ్చాయి. యూనిట్ నంబర్లలోంచి ఊళ్లు, ఊళ్లలోంచి మనుషులు.

ఒకాయన తన నల్ల ట్రంకు పెట్టె గురించి చెప్పాడు. మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు, ఊరు, రైల్వే స్టేషను రాసి ఉండేవట. సెలవుకొచ్చినప్పుడు ఆ పెట్టె మీదే కంపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గర కూర్చుని పఠాన్‌కోట నుంచి గూడెం దాకా వచ్చేవాడట. ఇంకొకాయన సియాచిన్ దగ్గర చేశాడు. మంచు గురించి చెబుతాడని ఎదురుచూస్తే కిరోసిన్ గురించి చెప్పాడు. గుడారంలో బుఖారీ పొయ్యి రాత్రంతా మండితే పొద్దున ఉమ్మితే నల్లగా పడేదట. ఇంటికొచ్చిన వారం దాకా తువ్వాలు మసిబారుతూనే ఉండేదట. ఉత్తరాల సంగతి వచ్చేసరికి అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎక్కడున్నా చిరునామా ఒకటే, కేరాఫ్ 56 ఏపీఓ, అంటే ఆర్మీ పోస్టాఫీసు. తూర్పు వైపైతే 99 ఏపీఓ. మా అమ్మమ్మ ఆ అంకె పట్టుకుని పోస్టుమ్యాన్‌ని "ఈ తొంభైతొమ్మిది ఏ జిల్లాలో ఉంది బాబూ?" అని అడిగేదని మావయ్య అన్నాడు. ఆ మాట నేను మొదటిసారి వినడం అక్కడే.

మోటారు సైకిల్ మీద వెళ్తున్న కుర్రాడొకడు ఆగి, తాతగారికి మందుల సంచి అందిస్తూ, నా చేతిలో నోటుబుక్ చూసి "అడగండి మేడమ్, మా తాత ఎంతమందిని లేపేశాడో" అన్నాడు హుషారుగా. తాతగారు సంచిలో మందుల చీటీ సరిచూసుకున్నారు. "రాత్రి మాత్ర రాలేదు చూడు" అన్నారు. అంతే. కుర్రాడు వెళ్లాక కూడా ఆ అరుగు మీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాడిది తప్పని నేననను. సినిమాలు, టీవీలు వాడికి ఆ ఒక్క ప్రశ్నే నేర్పాయి. కానీ ఇరవై ఏళ్ల నౌకరీని ఒక్క అంకెకి కుదించే ఆ ప్రశ్న అడిగినంత కాలం ఈ పెద్దలు మందుల చీటీలే చూసుకుంటారు.

మర్నాడు ఉదయం గూడెంలో రైలెక్కాం. గోదావరి వంతెన మీద మావయ్య చిల్లర నాణెం విసిరి దణ్ణం పెట్టుకున్నాడు. సెలవు ముగిసి వెళ్లేటప్పుడు కూడా ఇక్కడే నాణెం విసిరేవాణ్ణని చెప్పి, తుని దాకా నిద్రపోయాడు.

విశాఖలో ఆర్కే బీచ్ రోడ్డున ఐఎన్‌ఎస్ కుర్సురా ఒడ్డు మీద ఉంటుంది. 91 మీటర్ల నల్లటి ఇనుప దేహం, ముక్కు సముద్రం వాసన తగిలేంత దగ్గర. సోవియట్ రష్యాలో తయారైన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి. 1969 డిసెంబరు 18న రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్లు పనిచేసి, 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. తుక్కుగా అమ్మేయకుండా జనం చూసేలా ఉంచాలని అప్పటి తూర్పు నౌకాదళాధిపతి పస్రీచా ఆలోచన చేశారు. ఒడ్డుకి లాగి, దిమ్మల మీద నిలబెట్టి, 2002 ఆగస్టులో తలుపులు తెరిచారు. విశ్రాంత నావికులనే లోపల గైడ్లుగా పెట్టడం ఆ నిర్ణయాలన్నిటిలోకీ గొప్పదని నాకనిపిస్తుంది. పుస్తకం చదివి చెప్పేవాడు కాక, ఆ ఇనుప గొట్టంలో పడుకుని లేచినవాడు చెబుతాడు.

మాకు దొరికిన గైడు శ్రీకాకుళం వైపు మనిషి. నేవీలో చీఫ్ ర్యాంకులో రిటైరయ్యాడు. ఎలక్ట్రికల్ బ్రాంచి, ఫాక్స్‌ట్రాట్లలోనే సర్వీసంతా. మా బ్యాచ్‌లో ఇరవై మంది. లోపలికి అడుగు పెట్టగానే ప్రతివాళ్లూ చేతికందిన చక్రం తిప్పడం, మీట లాగడం మొదలుపెట్టారు. మావయ్య ఒక వాల్వు ముందు ఆగి "ముట్టుకోవచ్చా?" అన్నాడు. గైడు తిరిగి చూశాడు.

"సర్వీసేనా సార్?"

"సిగ్నల్స్. హవల్దార్‌ని. ఎలా పట్టారు?"

"అడిగి ముట్టుకున్నారు కదా హవల్దార్ సాబ్."

అప్పట్నుంచి చెప్పేది ఇరవై మందికైనా చూసేది మావయ్య వంకే. ముందు గదిలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనక గదిలో నాలుగు. మొత్తం 22 టార్పెడోలు మోయగలదు. ఆ టార్పెడోల పక్కనే, వాటి మీదుగానే పడకలు. 75 మంది మనుషులు. ఒకడు డ్యూటీకి లేస్తే ఇంకొకడు అదే పడక మీద వాలతాడు, పరుపు చల్లారే వ్యవధి ఉండదు. మంచినీళ్లు తాగడానికీ వంటకీ మాత్రమే. స్నానం లేదు, గడ్డం గీసుకోవడం లేదు. బట్టలు ఉతకడం లేదు గనక కొన్నాళ్లు వేసుకుని పారేసే బట్టలిచ్చేవాళ్లు. మొదటి వారం కూరగాయలు, తర్వాత డబ్బాలు. "మేం ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసేది సార్. డీజిల్ కంపు. మూడుసార్లు సబ్బు రుద్దినా పోదు. పిల్లలకి మాత్రం నాన్నొచ్చాడని ఆ వాసనతోనే తెలిసేది" అన్నాడు.

గదికీ గదికీ మధ్య గుండ్రటి కంత. ముందు కాలు, తర్వాత తల, చివర రెండో కాలు. మావయ్య మోకాళ్లకి అది కష్టం. గైడు మోచెయ్యి కింద చెయ్యి వేసి దాటించాడు. కంట్రోల్ రూములో పైపులు, గడియారాల్లాంటి మీటర్లు, పెరిస్కోపు. పైనుంచి కిందికి ఎక్కడ చూసినా ఒక చక్రం. దేని పని ఏమిటో చీకట్లో కూడా చేత్తో తడిమి చెప్పగలిగితే తప్ప ఛాతీ మీద డాల్ఫిన్ బ్యాడ్జి పెట్టుకోనివ్వరట. వంటవాడైనా సరే, కమాండరైనా సరే. ఎవడు ఏ వాల్వు దగ్గరుంటే వాడే దాన్ని మూయాలి, పిలిస్తే వచ్చేవాడు ఉండడు.

ఇంజను గదిలో మావయ్య తన వృత్తి ప్రశ్న అడిగాడు. "మూడు డీజిలింజన్లు తిరుగుతుంటే ఈ మోతలో ఆర్డరు ఎలా వినపడుతుంది?"

గైడు ముఖం విప్పారింది. "వినపడదు సార్! ఇక్కడంతా చేతులే." బొటనవేలు, అరచెయ్యి, పిడికిలి వరసగా చూపించాడు. స్నార్ట్ గొట్టం నీటిపైకి పెట్టి గాలి పీల్చుకుంటూ వెళ్తుండగా అల వచ్చి కొడితే మూత పడిపోతుంది, ఇంజన్లు లోపలి గాలినే లాగేసుకుంటాయి, చెవులు పగిలినట్టవుతాయి. అప్పుడు మాట్లాడే టైము కూడా ఉండదు. వేళ్లు చూసి ఇంజను ఆపాలి. ఆ సైగల్ని ఆయన మళ్లీ మళ్లీ చేశాడు, చాలా ఏళ్లకి ఎవరో సరైన చోట తట్టినట్టు.

మా వెనకాల ఒక నడివయసు పెద్దమనిషి "ఇది పాకిస్తాన్ షిప్పుల్ని ఎన్నిటిని ముంచింది?" అని అడిగాడు. గైడు దాచలేదు. 1971లో కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీకి వెళ్లింది. ఎవరిదో రూఢిగా తెలిస్తే తప్ప టార్పెడో వదలొద్దని గట్టి ఆదేశం. ఒక్కటీ వదలకుండానే బొంబాయి తిరిగొచ్చింది. "ఓహో" అని ఆయన నిరాశగా ముందుకు నడిచాడు. ఆ ఆదేశాన్ని పాటించడం ఎంత పనో ఆయనకి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి. యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో, నీటి అడుగున, తమ మీదికి ఎవరొస్తున్నారో తెలియని చోట, మీట మీద చెయ్యి ఉండి కూడా ఆగడం. నా దృష్టిలో ఆ పడవ చేసిన గొప్ప పని అదే.

రోడ్డుకి అవతల 29 ఏళ్లు సముద్రం మీద కాపలా తిరిగిన టీయూ-142 విమానం ఉంది. అదీ చూశాం. మావయ్య మనసు మాత్రం సబ్‌మెరైన్‌లోనే ఉండిపోయింది. విరామంలో ఆ చీఫ్ టీ తాగడానికి బయటికొస్తే మేమూ కలిసి బీచ్ గోడ మీద కూర్చున్నాం. దగ్గర్లోనే 1971 విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం.

విశాఖవాళ్లకి ఆ కథ కంఠతా వచ్చు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడ్డానికి పాకిస్తాన్ తన ఘాజీ జలాంతర్గామిని బంగాళాఖాతంలోకి పంపింది. అది అంతకుముందు అమెరికా వాళ్ల డయాబ్లో. వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, ఇక్కడే ఉన్నట్టు నమ్మించాడు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక రేవు బయట భారీ పేలుడు. తొంభై మందికి పైగా సిబ్బందితో ఘాజీ అడుక్కి వెళ్లిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే ముంచాయని మనవాళ్లు, లోపలి ప్రమాదమో, తాను వేసిన మైను పేలడమో కారణమని వాళ్లు. వాదన ఇంకా తెగలేదు.

నేను ఆ సంగతి ఎత్తితే చీఫ్ ఏ పక్షమూ పట్టలేదు. బ్యాటరీల గురించి మాట్లాడాడు. తన పని అదే. పడవ అడుగున వందల సెల్స్ ఉంటాయి. చార్జి చేసేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లకి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. "ప్రతి షిఫ్టులోనూ మీటరు చూసి రాయాలి. ఫ్యాన్లు ఆగకూడదు. నిద్రలో కూడా ఫ్యాను చప్పుడు తేడా వస్తే లేచిపోయేవాణ్ణి. ఇప్పటికీ ఇంట్లో కరెంటు పోతే మా ఆవిడకంటే ముందు నేనే లేస్తాను." టీ గ్లాసు పక్కన పెట్టి సముద్రం వైపు చూపించాడు. "ఏదైనా అవ్వొచ్చు అమ్మా. మన డెప్త్ చార్జే అవ్వొచ్చు. హైడ్రోజనూ అవ్వొచ్చు. ఆ పడవలోనూ నాలాంటోడు ఒకడు మీటరు ముందు కూర్చునుంటాడు కదా. ఆడు ఆ రాత్రి ఏ అంకె రాశాడో నాకు తెలుసుకోవాలనుంటాది."

శత్రువు గురించి ఇలా మాట్లాడగలిగినవాణ్ణి నేనింతకుముందు వినలేదు. ఇందులో జాలి ఉంది గానీ, జాలికంటే ముందు వృత్తి ఉంది. పడవ శకలం ఇప్పటికీ తీరానికి దగ్గర్లోనే అడుగున ఉంది. లోపలున్నవాళ్లు కూడా అక్కడే.

అప్పుడు మావయ్య మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు.

అగర్తల వైపు, 1971 డిసెంబరు. తన పని తుపాకీ కాదు, కేబుల్ డ్రమ్ము. ముందుకు వెళ్తున్న దళానికీ వెనక ఉన్న హెడ్‌క్వార్టర్స్‌కీ మధ్య టెలిఫోను తీగ పరచడం, అది తెగితే అతకడం. గుళ్లు పడితే తెగుతుంది, మన ట్రక్కుల చక్రాల కింద పడీ తెగుతుంది. రెండోదే ఎక్కువట. రాత్రి లైటు వెలిగించకూడదు. తీగని ఎడమ చేత్తో పట్టుకుని, గుప్పిట్లోంచి జారనిస్తూ, వరి మళ్ల గట్ల మీద, కాలవల్లో, నడుస్తూ పోవాలి. తీగ వదులైందంటే తెగిన చోటు దగ్గరికొచ్చినట్టే. ఒక కొస దొరుకుతుంది. రెండో కొస ఎక్కడో చీకట్లో ఉంటుంది. నేల మీద మోకాళ్లతో పాకుతూ, అరచేతులతో బురద తడుముతూ వెతకాలి. దొరికాక పళ్లతో పైపొర ఒలిచి, మెలిపెట్టి, ముడివేసి, టేపు చుట్టి, చేతిఫోను తగిలించి హ్యాండిల్ తిప్పి రెండు వైపులా పిలవాలి. రెండు వైపుల నుంచీ జవాబొస్తే వెనక్కి.

"మెలిపెట్టేటప్పుడు చేతులు తడిగా ఉంటే?" చీఫ్ అడిగాడు.

"చొక్కా లోపల పొట్టకి తుడుచుకునేవాళ్లం. అదొక్కటే పొడిగా ఉండేది."

"ఆ టైములో అవతలివాడు రింగు చేస్తే?"

"షాకే!" మావయ్య పెద్దగా నవ్వాడు. "పళ్ల మధ్య తీగ ఉన్నప్పుడు ఒకసారి బ్రిగేడ్ వాడు తిప్పాడు. దవడ ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా జివ్వుమంది. వాణ్ణి తిట్టడానికి కూడా తీగ అతికితేనే గదా!"

ఇద్దరు ముసలివాళ్లూ గోడ మీద కూర్చుని ఊగిపోతూ నవ్వారు. మేఘనా నదిని మన దళాలు హెలికాప్టర్లలో దాటిన ఘట్టం చాలా పుస్తకాల్లో ఉంది. దాని వెనక బురదలో పొట్టకి చేతులు తుడుచుకుంటున్న ఇరవయ్యేళ్ల కుర్రాడు మా ఇంట్లో యాభై ఏళ్లుగా ఉన్నాడు. తడి చేతుల సంగతి అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు, తట్టేంత పని మాకు తెలియదు. పనివాడికే పనివాడి ప్రశ్న దొరుకుతుంది. మనలాంటివాళ్లం కనీసం పక్కన కూర్చుని వినొచ్చు, ఆ ప్రశ్నలు ఎలా ఉంటాయో నేర్చుకోవచ్చు.

చీఫ్‌ని తర్వాతి బ్యాచ్ పిలిచింది. లేస్తూ "డిసెంబరు నాలుక్కి రండి హవల్దార్ సాబ్, నేవీ డే. నేను చోటు పట్టి ఉంచుతాను" అని మావయ్య ఫోన్‌లో తన నంబరు తనే ఎక్కించి వెళ్లాడు.

తిరుగు రైల్లో నేను నేర్చుకున్న రకం ప్రశ్న ఒకటి అడిగాను. "డ్రమ్ము బరువు కదా మావయ్యా, ఒక్కడివే మోసేవాడివా?"

"ఇద్దరం. ఒకడు మోస్తే ఒకడు పరుస్తాడు." ఆ రెండోవాడు హోషియార్‌పూర్ వైపు సర్దార్జీ. అప్పట్లో ఇతనికి హిందీ రాదు, అతనికి తెలుగు రాదు, ఇద్దరికీ మోర్స్ వచ్చు. మొదట్లో రాత్రి కాపలాలో కడ్డీ మీద వేలితో కొట్టుకుని మాట్లాడుకునేవాళ్లట. అతను ఇతనికి రొట్టె కాల్చడం నేర్పాడు, ఇతను అతనికి ఇంటి నుంచొచ్చిన గోంగూర పచ్చడి అలవాటు చేశాడు. మావయ్య సెలవు నుంచి వెళ్లేటప్పుడు ట్రంకులో ఒక జాడీ అతనికోసమే ఉండేది. ఆ జాడీ ఎవరికోసమో అత్తయ్యకి తెలియదు, యూనిట్‌లో అందరికీ అనుకునేది. బదిలీలు వేరయ్యాక కొన్నాళ్లు ఉత్తరాలు నడిచాయి, తర్వాత ఆగాయి.

అతని నంబరు ఉందా అంటే ఫోన్ నంబరు లేదు. ఆర్మీ నంబరు మాత్రం ఉంది, అన్ని అంకెలూ తడుముకోకుండా చెప్పాడు. తనదీ చెప్పాడు. జబల్‌పూర్‌లోని సిగ్నల్స్ రికార్డ్స్ ఆఫీసుకి ఉత్తరం రాస్తే ఆచూకీ దొరకొచ్చన్నాడు. నోటుబుక్ తీసి అక్కడికక్కడే రాయడం మొదలుపెట్టాం. ఆయన హిందీలో చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. అనకాపల్లి దాటేసరికి సగం పేజీ నిండింది. సర్దార్జీ పేరు ముందు రాశానని ఆయన ఒప్పుకోలేదు. కొట్టేసి మళ్లీ రాయించాడు. ముందు నంబరు, తర్వాత ర్యాంకు, ఆ తర్వాత పేరు.